స్త్రీలు మెచ్చిన నవలాకర్తలు

నవల చదువుట ఆడువారి కాలక్షేపమని మనలో ఒక మాట చిరకాలమునుండి వాడుకలో నున్నది. ఈ మాట మన దేశమున పుట్టినది కాదు. నవల ఏ దేశమున కాలు పెట్టినను ఈ మాటయు దాని వెంటనే నడచినది. 18వ శతాబ్దమున ఇంగ్లండులోని నీతిబోధకులు ఇట్లే పలికిరి. తరువాత వంగదేశపు పెద్దలును, మన కృష్ణా గోదావరీ తీరముల పెద్దలును ఇట్లే పలికిరి. మాట ఒక్కటియే గాని దానిలో రెండంశములు ఇమిడియున్నవి. స్త్రీలు నవలలను మక్కువతో చదువుదురనుట మొదటిది. కాబట్టి నవల తేలిక సరకనుట రెండవది. మొదటి యంశము చాలవరకు నిజమే. రెండవదియే విచారింపదగినది.

కొందరు నవలాకర్తల గ్రంథములను నూరేండ్లు, రెండు నూరేండ్లు గడచినను స్త్రీలు విడువక చదువుచున్నారు. దీనికి కారణమేమి? స్త్రీల హృదయము మెత్తనిదనియు, ఏడ్పించు కథలు వారికి ప్రీతియనియు చెప్పి తప్పించుకొనుట సులభము. కాని ఆ సమాధానము నిలువదు. ఏడ్పించు నవలలు వేలకు వేలు వెలువడినవి. వానిలో నూటికి తొంబది పుట్టిన పదేండ్లకే చెదలపాలైనవి. కన్నీరే కారణమైనచో అవియు నిలిచియుండవలెను గదా! నిలిచిన కొలదిమందిలో మరియేదో గుణమున్నది. ఆ గుణమేమో ముగ్గురి చరిత్రలనుబట్టి చెప్పదలచితిని. వారిలో ఒకడు లండను నగరమున అచ్చుకూటపు యజమాని. రెండవ యామె ఇంగ్లండు పల్లెటూరి మతాచార్యుని కూతురు. మూడవవాడు రంగూను పట్టణమున కచేరి గుమాస్తా.

మొదటివాడు సామ్యూల్ రిచర్డ్‌సన్. ఆయన 1689లో జన్మించెను. పెద్ద చదువులు చదివినవాడు కాడు. అచ్చుపని నేర్చి క్రమముగా సొంత అచ్చుకూటమునకు యజమాని యయ్యెను. ఆయనకు బాల్యమున ఒక విచిత్రమైన యుద్యోగము లభించినది. పదుమూడేండ్ల ప్రాయమున, ఈ బాలుడు నోరు జారనివాడని నమ్మి, ఇరుగుపొరుగు పడుచులు తమకు వచ్చిన ప్రేమలేఖలకు జవాబులు వ్రాసిపెట్టుమని కోరెడివారట. ఆడుపిల్ల నోటితో కాదనుచు మనసులో ఔననుటయు, నోటితో ఔననుచు లోలోపల వణకుటయు ఆ వయసుననే ఆయన విన్నాడు. ఏబది యేండ్లు నిండిన పిమ్మట, పుస్తక వర్తకులు ఉత్తరములు వ్రాయువిధమును నేర్పు పుస్తకమొకటి కావలెననగా, దానిని వ్రాయుచు వ్రాయుచు ఒక పనిపిల్ల కథను అల్లెను. అదియే 1740లో వెలువడిన పామెలా. యజమాని చెరపట్టజూడగా లొంగక నిలిచిన పనిపిల్ల తన తల్లిదండ్రులకు వ్రాసిన లేఖలే ఆ గ్రంథము.

1747, 1748 సంవత్సరములలో ఆయన క్లారిస్సా యను నవలను ఏడు సంపుటములుగా ప్రకటించెను. కలిగిన యింటి కన్య యొకతె. తండ్రియు అన్నయు ఆస్తికి ఆశపడి, ఆమెకు రోత పుట్టించు ధనికు నొకనిని పెండ్లాడుమని నిర్బంధింతురు. ఆమె కాదనును. ఆ యొక్క ‘కాదు’ అను మాటచుట్టును ఏడు సంపుటములు నడచును. ఆ యింటి బాధ పడలేక ఆమె ఒక వంచకుని మాట నమ్మి గడప దాటును. వానిచే చెరుపబడి తుదకు మరణించును. గ్రంథము విడతలు విడతలుగా వెలువడుచుండగా, ఒక ప్రభుకుటుంబపు స్త్రీ మారుపేరుతో రిచర్డ్‌సనుకు జాబులు వ్రాసి, క్లారిస్సాను చంపవలదని వేడుకొనెను. ఆయన వినలేదు, కాని ఆ స్త్రీతో చాలకాలము ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. అంతకుముందు కావ్యకర్తలు రాజులకు కృతులిచ్చి వారి మెప్పును కోరిరి. ఇచ్చట ఒక గృహిణి గ్రంథకర్తతో, నీ తీర్పు మార్చుమని వాదించుచున్నది. సాహిత్యచరిత్రలో ఇది చిన్న విషయము కాదు.

ఇంకొక కారణమును ఇచ్చటనే చెప్పవలెను. నాటి ఇంగ్లండులో పురుషుల విద్యయనగా గ్రీకు, లాటిను భాషలు. స్త్రీలకు ఆ భాషలు నేర్పెడివారు కారు. నవలకు ఆ భాషలతో పనిలేదు. ఇంటిభాష తెలిసి అక్షరములు వచ్చిన చాలును. పుస్తకము వెల హెచ్చైనను, చందా కట్టించుకొని పుస్తకములు ఎరవిచ్చు గ్రంథాలయములు పట్టణములలో వెలసినవి. మనకును ఇట్లే జరిగినది. ప్రబంధమును చదువుటకు వ్యాఖ్యానము కావలెను, వ్యాఖ్యానము చెప్పుటకు పండితుడు కావలెను. నవలకు ఆ యిరువురును అక్కరలేదు. తాళము లేని తలుపు కనబడినప్పుడు, చిరకాలము వెలుపల నిలిచినవారే ముందుగా లోనికి పోవుట సహజము.

రెండవ యామె జేన్ ఆస్టిన్. 1775లో హాంప్‌షైర్ మండలమున స్టీవెంటన్ గ్రామములో పుట్టి, 1817లో నలుబది యొకటవ యేట మరణించినది. వివాహము చేసికొనలేదు. ఆరు నవలలు పూర్తిచేసినది. 1811లో మొదటి నవల వెలువడినప్పుడు ముఖపత్రముపై పేరు లేదు. ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే యున్నది. 1813లో వెలువడిన ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ యను నవలపై హక్కులను ఆమె 110 పౌనులకు అమ్మివేసెను. ఆ గ్రంథము నేటికిని అచ్చుపడుచునే యున్నది.

ఆ నవలలోని చిక్కును నేను చెప్పిన వెంటనే మీరు గ్రహింపగలరు. ఒక గృహస్థునకు అయిదుగురు కూతుండ్రు, కొడుకులు లేరు. ఆయన భూమి మగసంతతికే చెందవలెనని కట్టుబాటు. ఆయన కన్ను మూసిననాడు ఇల్లును పొలమును దూరపు జ్ఞాతికి పోవును. తల్లియు అయిదుగురు బిడ్డలును వీధిపాలగుదురు. తండ్రి చమత్కారి, పుస్తకముల గదిలో కూర్చుండి పరిహాసములాడుచుండును. తల్లి తెలివితక్కువది, సంబంధములకై ఊరంతయు తిరిగి నవ్వులపాలగును. పాఠకులందరును ఆమెను చూచి నవ్వుదురు. కాని నిదానించి చూచినచో, ఆ యింట రేపటి మాట తలంచుచున్నది ఆ తెలివితక్కువ తల్లి యొక్కతెయే. ఆడుపిల్లల తల్లి యగు పాఠకురాలు నవ్వుచునే ఈ సంగతిని పట్టుకొనును.

ఆస్టిన్ నవలలలో యుద్ధములు లేవు, హత్యలు లేవు. స్త్రీ దగ్గర లేకుండ పురుషులు తమలో తాము మాటలాడుకొను ఘట్టము దాదాపుగా లేనేలేదు. ఆమె తాను కన్నదియు విన్నదియు మాత్రమే వ్రాసినది. ప్రతి పెండ్లికుమారుని రాబడి ఏటికి ఎన్ని పౌనులో లెక్కచెప్పును. ఇరువదియేడేండ్ల చార్లెట్ అను కన్య, మూర్ఖుడని తెలిసియు, ఒకని పెండ్లాడుటకు సమ్మతించును; ఏలయన ఆమెకు నిలువ నీడ కావలెను. కథానాయిక ఎలిజబెత్ అదే మూర్ఖుని నిరాకరించును. ఏటికి పదివేల పౌనుల రాబడిగల ధనికుని సైతము, అతడు గర్వముగా అడిగినప్పుడు, మొదట నిరాకరించును. ఈ యిరువురిలో ఎవరు చేసినది యుక్తమో గ్రంథకర్త్రి గట్టిగా చెప్పదు. చదివిన వారికే వదలివేయును.

ఈ గ్రంథములు స్త్రీలకు మాత్రమే నచ్చినవనుకొనరాదు. మహారచయిత వాల్టర్ స్కాట్ తన దినచర్యలో 1826లో ఆమె నేర్పును కొనియాడెను. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో సైనికులు ఆస్టిన్ నవలలను చదువుకొనుటను గూర్చి రుడ్యార్డ్ కిప్లింగ్ 1924లో ఒక కథయే వ్రాసెను. కాబట్టి స్త్రీలు మెచ్చినది గనుక తేలిక సరకనుట తర్కమునకు నిలువదు.

ఆ నవలలోని భూమి కట్టుబాటు మనకు కొత్తది కాదు. మితాక్షర న్యాయము ననుసరించి ఉమ్మడి కుటుంబపు ఆస్తి మగవారియందే నిలిచెడిది. 1937లో వితంతువులకు కొంత హక్కు కలిగినది. 1956లో హిందూ వారసత్వపు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమున 1985 నుండి వర్తించునట్లు కూతుండ్రకు ఉమ్మడి ఆస్తిలో సమభాగ మేర్పడినది. 2005లో అది దేశమంతటికిని వ్యాపించినది. ఇంగ్లండులో వివాహితల ఆస్తిహక్కును గూర్చిన చట్టములు 1870, 1882 సంవత్సరములలో వచ్చినవి. నవలలు చట్టములను చేసినవని నేననను. కాని చట్టము రాకముందు చాలకాలమునకే, ఈ కట్టుబాటువలన ఏ గుండెలో ఏమి జరుగుచున్నదో నవల సాక్ష్యము చెప్పినది.

ఇక మూడవవాడు మనకు మిక్కిలి దగ్గరవాడు, శరత్చంద్ర చటోపాధ్యాయుడు. 1876లో హుగ్లీ మండలమున దేవానందపురములో పుట్టెను. పేదరికమున పెరిగెను, బాల్యము చాలవరకు భాగల్పూరులో మేనమామల యింట గడచినది. పరాయి పంచను పెరిగిన బాలునకు వంటయింటి రాజకీయములు తెలిసినట్లు మరియెవ్వరికిని తెలియవు. ఎవరి విస్తరిలో ఏమి పడినదో, ఎవరు ఎవరిని చూచి మాట మింగిరో, అన్నియు వాని కంటబడును. 1903లో బర్మాకు పోయి రంగూనులో గుమాస్తాగా నుండి, 1916లో తిరిగి వచ్చెను. ఆయన అచ్చటనున్న కాలముననే, 1907లో, బడదీదీ యను కథ భారతి యను వంగపత్రికలో మొదట పేరు లేకుండ వెలువడినది. చదివినవారు అది రవీంద్రనాథుని రచన యని భ్రమపడిరి.

ఒక వింత చూడుడు. ఇంగ్లండులో షార్లెట్ బ్రాంటీ 1847లో జేన్ ఐర్ అను నవలను మారుపేరుతో ప్రకటించినది. మేరీ ఆన్ ఈవాన్స్ అను విదుషి జార్జి ఎలియట్ అను మగపేరుతో ప్రసిద్ధురాలైనది. తమ మాటను లోకము తూచి వినవలెనని వారట్లు చేసిరి. శరత్తో, 1913లో స్త్రీయొక్క విలువను గూర్చి వ్యాసము వ్రాయుచు, తన యక్క అనిలాదేవి పేరు పెట్టుకొనెను. ఆడువారు మగపేరు చాటున నిలిచిన కాలమున ఈ పురుషుడు ఆడుపేరు చాటున నిలిచెను.

శరత్తు వ్రాసిన బిందు కొడుకు కథను తలచుకొందము. అన్నపూర్ణ, బిందు తోడికోడండ్రు. బిందు కలిగినవారి బిడ్డ, సంతానము లేనిది. అన్నపూర్ణ తన బిడ్డను ఆమె యొడిలో పెట్టును. బిందుయే తల్లియై పెంచును. పిదప పెంపకమును గూర్చి మాటపట్టింపులు పెరుగును; ఒక క్రూరమైన మాట దొర్లును; ఇల్లు రెండగును. బిందు పుట్టింట మంచముపట్టి అన్నపానములు మానును. బావగారును తోడికోడలును వచ్చి పిలిచిన పిమ్మటనే ఆమె నోట మెతుకు పెట్టును. కథ యింతియే. రాజ్యములు పోలేదు, ప్రాణములు పోలేదు. కాని ఉమ్మడి కుటుంబమున బ్రదికిన ఏ స్త్రీయు దీనిని చిన్న కథ యనదు.

మా మేనత్తగారికి అక్షరములు రావు. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట ఆమె అరుగుమీద కూర్చుండి నాచేత ఈ కథను చదివించుకొనెడిది. ఒకనాడు, “ఈయనది ఏ యూరురా? మన తెనాలి వైపువాడు కాబోలు” అని అడిగినది. వంగదేశీయుడని నేను చెప్పగా ఆమె నమ్మలేదు. “అలిగిన ఆడదానికి ముద్ద ఎందుకు దిగదో వంగదేశములో మగవానికి ఎట్లా తెలిసిందిరా?” అన్నది. ఆ ప్రశ్నలోనే ఈ ప్రసంగమునకు కావలసిన సమాధానము సగమున్నది.

తెనాలివైపువాడని ఆమె యనుకొనుటకు వేరొక కారణమును కలదు. శరత్తును తెలుగువానిగా చేసినవారిలో ముఖ్యులగు చక్రపాణిగారు తెనాలివారే. ఆయన క్షయవ్యాధిచే మదనపల్లె ఆరోగ్యవరమున నున్నప్పుడు, తోడి రోగివద్ద వంగభాష నేర్చుకొని, పిదప శరత్తు గ్రంథములను తెనిగించెను. ఆ తెనుగు ఎంత సహజముగా నున్నదనిన, శరత్తు ఆంధ్రుడే యని నమ్మినవారు పెక్కుమంది. అప్పటికే మన గ్రంథాలయోద్యమము పల్లెలకు ప్రాకియుండెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి త్రిప్పిరి. ఇల్లు దాటని స్త్రీవద్దకు పుస్తకమే నడచివచ్చినది. అటుపిమ్మట 1953లో దేవదాసు, 1957లో తోడికోడళ్ళు, 1961లో బాటసారి చిత్రములై శరత్తు కథలను చదువురానివారికిని అందించినవి.

దేవదాసు కథలో స్త్రీలు చూచునది యేమి? పురుషులు త్రాగుబోతు విరహిని చూచి జాలిపడుదురు. స్త్రీలు పార్వతిని చూతురు. ఆమె రాత్రివేళ, మానమును పణముగా పెట్టి, అతని గదికి వచ్చి అడిగినది. అతడు తేల్చుకొనలేకపోయెను. ధైర్యము ఆమెది, పిరికితనము అతనిది. పురుషుని బలహీనతను పురుషుడే యింత నిర్మొహమాటముగా ఒప్పుకొనుట స్త్రీలకు అపూర్వముగా తోచినది.

ఇప్పుడు నా యభిప్రాయమును చెప్పెదను. మీలో పలువురు రచ్చబండ వద్ద కూర్చుండి తగవులు తీర్చినవారు. గట్టు తగవు, నీటి తగవు, పశువుల తగవు మీ ముందుకు వచ్చును. కాని అత్తకోడండ్ర తగవు, తోడికోడండ్ర తగవు, విధవయైన ఆడుబిడ్డ తగవు రచ్చబండకు రావు. వచ్చినను మగవాని నోట వచ్చును. ఇంటిలో స్త్రీపై అందరును తీర్పు చెప్పుదురు. తీర్పు చెప్పు పీఠము మాత్రము ఆమెకు లేదు. నవల ఆ పీఠమును ఆమెకు వేసినది. వాది ప్రతివాదుల మాటలు విని, ఎవరి మనసులో నేమున్నదో చూచి, తప్పు ఎవరిదో తనంత తాను నిర్ణయించుకొనుమన్నది. రిచర్డ్‌సన్ ఉత్తరములును, ఆస్టిన్ మౌనమును, శరత్తు వంటయిల్లును ఈ పనియే చేసినవి. ఏడ్పించి విడిచిన నవల మరపునకు వచ్చును. తీర్పు అడిగిన నవల నిలుచును.

శరత్తునందు లోపము లేదని నేననను. పల్లీసమాజమను నవలలో రమ బాలవితంతువు. రైతుల వరిచేలు నీట మునిగియున్నను, గట్టు తెగగొట్టినచో తమ చేపలు పోవునని భూస్వాములు పట్టుబట్టుదురు. ఆ పట్టుదలలో రమయు చేరును. ఊరికై పాటుపడు రమేశుని ప్రేమించుచునే, లోకభీతిచే అతనికి ప్రతికూలముగా సాక్ష్యము చెప్పి కారాగారమునకు పంపును. తుదకు ఆమె కాశికి పోవును. విధవా వివాహపు చట్టము 1856లోనే వచ్చినది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు 1881లో అట్టి వివాహమును జరిపించిరి. నవల వెలువడినది 1916లో. అప్పటికిని శరత్తు రమకు కాశినే చూపెను గాని పెండ్లిపీటను చూపలేదు. బంకించంద్రుని నవలలో రోహిణి యను వితంతువు తుపాకికి బలియగుటను ఆక్షేపించిన శరత్తు, తన నాయికలను చంపకున్నను, దారిమాత్రము చూపలేదు. చదువరులగు స్త్రీలు ఏడ్చిరి, ఏడ్చి ఊరకుండలేదు. “రమ ఏల కాశికి పోవలెను?” అని అడిగిరి.

ఆ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు స్త్రీలే కలము పట్టిరి. 1950 తరువాత ఇల్లిందల సరస్వతీదేవి, మాలతీ చందూర్, రంగనాయకమ్మ మొదలగువారు తెలుగు నవలను తమ చేతికి తీసికొనిరి. మాలతీ చందూర్ పాశ్చాత్యుల ప్రసిద్ధ నవలలను సంగ్రహించి, పాత కెరటాలు అను పేర తెలుగువారికి పరిచయము చేసిరి. రంగనాయకమ్మ జానకి విముక్తిలో నాయికను కాశికి పంపలేదు. నిన్న తీర్పరి పీఠమున కూర్చున్న పాఠకురాలు నేడు తానే కథ చెప్పసాగినది.

పెద్దలకు నా మనవి యొక్కటి. మీ గ్రంథాలయమునకు పుస్తకములు తెప్పించునప్పుడు నవలల బీరువాను ఆడువారిదని పక్కకు నెట్టకుడు. మీ కోడలు చదివి మూసిపెట్టిన పుస్తకమును ఒకమారు మీరును తెరచి చూడుడు. ఏ పుట కొన నలిగియున్నదో, ఏ పుటమీద తడి యారిన మరకయున్నదో గమనింపుడు. మీ యింట ఎన్నడును రచ్చకెక్కని తగవొకటి అచ్చట వ్రాసియుండవచ్చును. దానిని చదివి, ఆమె తీర్పు ఏమో ఆమెనే అడుగుడు.